రెండు నిమిషాల విశ్రాంతి

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గేటు గది అక్కంటే అందరికీ హడలే. హాజరు పుస్తకం ఆమె చేతిలో ఉంటుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే పేరు పక్కన ఎర్ర సిరా. "బస్సు రాలేదమ్మా" అని ఎవరైనా బతిమాలితే, "అయితే ఆ బస్సుని కూడా పిలుచుకురా, దానికీ ఎర్రసిరా పెడతాను" అంటుంది. అలాంటి మనిషి చేతికి స్టాప్‌వాచీ, విజిలూ ఇచ్చిన పరుగుల మాస్టారిని తప్పు పట్టడానికి లేదు. గడియారం విషయంలో ఆమెను మించిన నమ్మకస్తురాలు ఆ గేటు లోపల ఇంకొకరు లేరని ఎవరిని అడిగినా చెబుతారు.

పరిగెత్తేది ఆమె చెల్లెలు. అక్కకి ముప్ఫై అయిదు, చెల్లెలికి ఇరవై నాలుగు. తల్లీ తండ్రీ పోయాక పన్నెండేళ్ల పిల్లను అక్కే సాకింది, జడలేసింది, చదివించింది, చివరికి ఇదే ఫ్యాక్టరీలో జిగురు మెషీన్ దగ్గర పనికి కుదిర్చింది. అది టెంపరరీ పని. మూడు నెలలకోసారి చీటీ మారుస్తారు, మార్చకపోతే ఇంటికే. రోజంతా వేడి జిగురు వాసన పీల్చి ఆ పిల్ల సాయంత్రానికి అన్నం కూడా సహించని స్థితిలో ఇల్లు చేరేది.

ఈ ఏడు కంపెనీ పరుగుల జట్టులో ఒక ఆడమనిషికి చోటు ఖాళీ అయింది. జట్టులో చేరితే ఉద్యోగం పర్మనెంటు. ఆఫీసులో కుర్చీ, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు, జిగురు మొహం ఇక చూడక్కర్లేదు. షరతు ఒక్కటే. ఊళ్లో జరిగే మారథాన్‌ని, అంటే నలభై రెండు కిలోమీటర్ల చిల్లరని, రెండు గంటల యాభై నిమిషాల లోపు పరిగెత్తాలి.

ఎవరు పరిగెత్తగలరో మాస్టారు ముందే చెప్పేస్తారు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని జాతకం మాస్టారు అంటారు. ఆయన లెక్క తేలికే. ఎనిమిది వందల మీటర్లు గట్టిగా పరిగెత్తాలి, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ఎనిమిది వందలు. అలా పదిసార్లు. పదింటి సగటు ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లు వస్తే, మారథాన్‌కి అన్ని గంటల అన్ని నిమిషాలు, దాని మీద ఇంకో అయిదు నిమిషాలు. సగటు రెండు నిమిషాల నలభై సెకన్లయితే పరుగు రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. ఇరవై ఏళ్లలో ఆయన మాట రెండు నిమిషాలకు మించి తప్పలేదు.

"కానీ విశ్రాంతి రెండు నిమిషాలే" అని మాస్టారు వేలు చూపించి మరీ చెప్పేవారు. "రెండుంపావు ఇచ్చావో, అది జాతకం కాదు, సోది. పరిగెత్తేవాళ్ల చేతికి వాచీ ఉండకూడదు. టైము చూసుకుంటూ పరిగెత్తేవాళ్లు టైమే చూస్తారు, పరుగు చూడరు."

ఈ లెక్క అక్కకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ల కిందట ఇదే ఫ్యాక్టరీ మైదానంలో, ఇదే మాస్టారి విజిల్‌కి, ఆమే పదిసార్లు పరిగెత్తింది. సగటు రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు. అంటే రెండు గంటల యాభై ఒక్క నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువ. "నీ జాతకంలో లేదమ్మాయ్" అని మాస్టారు ఆమె పేరు పోటీకి పంపనే లేదు. పరిగెత్తి ఓడిపోయినా బాగుండేది. ఆ ఏడే ఆమె గేటు గదిలో కూర్చుంది, అప్పటినుంచీ లేవలేదు.

మాస్టారికి ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, మైదానానికి రారు. వారానికోసారి అక్కే చెల్లెలిని పరిగెత్తించి, నోటుబుక్కులో అంకెలు రాయాలి. శుక్రవారం ఆయన గేటు గదికి వచ్చి చూసుకుంటారు.

మొదటి వారం సగటు రెండు నిమిషాల నలభై తొమ్మిది. చెల్లెలు గడ్డి మీద బోర్లాపడి ఏడ్చింది. "నావల్ల కాదక్కా. మళ్లీ ఆ జిగురే గతి" అంది. అక్క గుండె తరుక్కుపోయింది. ఇది మాత్రం నిజమైన జాలి, ఎవరూ శంకించక్కర్లేదు. రెండో వారం విశ్రాంతి అయిపోయిందని ఊదే విజిల్ పది సెకన్లు ఆలస్యంగా ఊదింది. పది సెకన్లే కదా అనుకుంది. పనివాళ్లలో ఎవరైనా ఆ మాటంటే మాత్రం చీల్చి చెండాడేది.

ఆయాసంతో నడుం పట్టుకు వంగిన మనిషికి రెండు నిమిషాలూ ఒకటే, మూడు నిమిషాలూ ఒకటే. చెల్లెలు కనిపెట్టలేదు. పైగా, "ఈసారి ఊపిరి తొందరగా సర్దుకుంటోందక్కా, బాగుపడుతున్నా కదూ?" అని మురిసిపోయింది. సగటు నలభై ఆరుకి దిగింది. మాస్టారు పుస్తకం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్క పరిగెత్తిన రోజుల్లో ఆయన కళ్లజోడు తీసిన పాపాన పోలేదు.

అడుసులో కాలు పెట్టాక ఇక లోతు చూసుకోవడం ఎందుకు? మూడో వారం ఇరవై సెకన్లు, నాలుగో వారం నలభై, అయిదో వారానికి పూర్తిగా ఒక నిమిషం. సగటు రెండు నిమిషాల ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. చెల్లెలు రాత్రిళ్లు నవ్వుతూ నిద్రపోయేది. ఆఫీసులో ఏ కుర్చీ ఇస్తారో కూడా ఊహించుకునేది.

ఆరో వారం అక్కకు భయమేసింది. అబద్ధపు అంకెలు నమ్మి ఈ పిల్ల రోడ్డు మీద పడిపోతే? ఆ రోజు వాచీ మీదినుంచి కళ్లు తిప్పకుండా, సరిగ్గా రెండు నిమిషాలకే విజిల్ ఊదింది. పదిసార్లూ అంతే. చెల్లెలు చచ్చీ చెడీ పూర్తి చేసింది. అక్క పక్కకు వెళ్లి లెక్క కట్టింది. రెండు నిమిషాల నలభై మూడు సెకన్లు.

మళ్లీ కట్టింది. అదే వచ్చింది. అంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. దొంగ సెకన్లు ఒక్కటీ లేకుండానే పిల్ల గట్టెక్కేసింది. పెంచిన మనిషి అయితే ఎగిరి గంతెయ్యాలి.

అక్క గంతెయ్యలేదు. నలభై మూడు. నాది నలభై ఆరు, దీనిది నలభై మూడు. ఈ మాటే ఆమె బుర్రలో తిరిగింది. నేను అన్నం వండి పెడితే తిని, నేను కొన్న బూట్లు వేసుకుని, నన్ను దాటిపోయింది. ఇన్నాళ్లూ జాలితో సెకన్లు విసిరానే, నా జాలి దీనికి అక్కర్లేదన్నమాట. ఈ ఆలోచనకి అసూయ అని పేరు పెట్టడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. మనం పెడదాం, మనకేం మొహమాటం?

నిజం రాస్తే, క్రితం వారం ముప్ఫై ఎనిమిది ఇప్పుడు నలభై మూడు ఎలా అయిందని మాస్టారు అడుగుతారు. ఆ సాకు కూడా ఆమెకు అందివచ్చింది. ఆ కాగితం చింపేసి, కొత్త కాగితం మీద రెండు నిమిషాల ముప్ఫై ఏడు అని గుండ్రటి అక్షరాలతో రాసింది. "ఇవాళ ప్రాణం పోయిందక్కా, ఎంతొచ్చింది?" అని చెల్లెలు అడిగితే, "పోయినసారి కంటే బాగా పరిగెత్తావు" అంది. చివరి వారానికి విశ్రాంతి మూడున్నర నిమిషాలకు చేరింది. సగటు ముప్ఫై నాలుగు.

మాస్టారు ఆ అంకె కింద రెండు గీతలు గీశారు. "రెండు గంటల ముప్ఫై తొమ్మిది! యాభై లోపు వస్తే చాలనుకున్నాను, ఈ పిల్ల రికార్డు పెట్టేలా ఉంది" అని చీటీ రాసిచ్చారు. ప్రతి అయిదు కిలోమీటర్లకి పద్దెనిమిది నిమిషాల యాభై సెకన్లు, ఒక్క సెకను కూడా నెమ్మదించకూడదు. నిజమైన లెక్కకి అది పందొమ్మిది యాభై అయిదు. ఆ తేడా అక్క మనసులోనే కట్టేసింది. చీటీని తనే మడిచి చెల్లెలి జేబులో పెట్టింది.

పోటీ రోజు అక్క ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నిలబడింది. ఎంచుకునే నిలబడింది; వేగం లెక్క తప్పినవాళ్లకి ఒళ్లు మొరాయించేది అక్కడే. చెల్లెలు సగం దూరం గంటా పందొమ్మిది నిమిషాల్లో దాటిందని మైకులో చెబితే జనం చప్పట్లు కొట్టారు, అక్కా కొట్టింది. ముప్ఫయ్యో కిలోమీటరుకి వచ్చేసరికి ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. తల ఒక పక్కకి వాలింది. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తనకే తెలియడం లేదు. అక్కను చూసి నవ్వబోయింది, రాలేదు.

"ఆపకు! చీటీ ప్రకారం పో!" అని అరిచింది అక్క.

అప్పుడైనా "నెమ్మదించు" అని ఉంటే కొంతలో కొంత దక్కేదేమో. చెల్లెలు ఎప్పుడూ అక్క మాట కాదనలేదు, అప్పుడూ కాదనలేదు. రెండు కిలోమీటర్ల తరవాత రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది. లేచింది, నడిచింది, మళ్లీ కూలబడింది. ఎలాగో చివరికి చేరింది. మూడు గంటల పదకొండు నిమిషాలు.

మర్నాడు మాస్టారు గేటు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇరవై ఏళ్లలో నా లెక్క ఇంత తప్పలేదు. ముప్ఫై రెండు నిమిషాలు తేడా! రెండే కారణాలుండాలి. ఆ పిల్లకి గుండె ధైర్యం లేకపోవాలి, లేదా అంకెలు తప్పై ఉండాలి. ఆరు వారాల్లో పక్క ఊళ్లో ఇంకో పోటీ ఉంది, పేర్లు పంపడానికి గడువు ఇవాళే. అంకెలు తప్పైతే చెప్పమ్మా, నేను ఎవరికీ చెప్పను, నిన్నేమీ అనను. సరైన వేగం రాసిచ్చి పిల్లని నేనే పంపుతాను. విశ్రాంతి ఎంత ఇచ్చావు?"

కిటికీలోంచి జిగురు విభాగం కనిపిస్తూనే ఉంది. అక్క హాజరు పుస్తకం మూసింది.

"రెండు నిమిషాలే మాస్టారూ. నన్ను ఇన్నేళ్లుగా చూస్తున్నారు, నేను టైము తప్పుతానా?"

"అదీ నిజమే" అన్నారు మాస్టారు. "అయితే ఇంట గెలిచి రచ్చ ఓడే రకం. మన చేతుల్లో ఏముంది?" అంటూ చెల్లెలి పేరు కొట్టేసి, కుంటుకుంటూ వెళ్లిపోయారు.

ఇంట్లో చెల్లెలు టబ్బులో వేడినీళ్లలో పాదాలు పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు కాలిగోళ్లు ఊడిపోయాయి. అక్క కింద కూర్చుని తువ్వాలుతో ఆ పాదాలు తుడవసాగింది.

"మాస్టారు తలుపేసి మరీ నిన్ను అనుమానించారని అందరూ అంటున్నారక్కా, నిజమేనా?" అంది చెల్లెలు. "సిగ్గుతో చచ్చిపోయాను. నా చేతకానితనానికి నిన్నంటారా? ఎండలో నిలబడి నా కోసం అంత కష్టపడ్డావు."

"పోనీలే. జరిగిందేదో జరిగింది."

"నాలో దమ్ము లేదక్కా, అంతే. ఒంట్లో సత్తువ ఉంది, మనసే చేతకానిది. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఆపకు అని నువ్వు ఎంత చెప్పినా ఆగిపోయాను. ఇంకెప్పుడూ పరిగెత్తను. రేపట్నుంచి జిగురు దగ్గర డబుల్ డ్యూటీ చేస్తానని చెప్పాను." అని కళ్లు తుడుచుకుని, వంగి అక్క తల మీద చెయ్యి వేసింది. "అప్పట్లో నీకు అవకాశం ఇవ్వలేదు గానీ, నా చోట్లో నువ్వుంటే ఆగేదానివా? నువ్వయితే గెలిచేదానివక్కా."

పదకొండేళ్లుగా ఆ మాట ఎవరూ అనలేదు. అక్క కాదనలేదు.