పాచిపని

విజయరత్నం సీసాను మూడుసార్లు మడుగు నీళ్ళతోనే కడిగాడు. మూత అంచు వేలితో తుడిచి, చీటీ మీద తేదీ వేశాడు: 28 నవంబర్ 2024. కింద 'పేరు' అని అచ్చువేసిన చోట ఏమీ రాయలేదు.

పన్నెండేళ్ళుగా నెలకోసారి అజ్మాన్ నుంచి ఫుజైరా కొండల్లోని ఈ మడుగుకు వస్తున్నాడు. నీళ్ళు పడతాడు, మైక్రోస్కోపు కింద పాచి కణాలు లెక్కపెడతాడు. నిడదవోలులో వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసి చదివించింది. కొడుకు డాక్టరేటు తెస్తే నవ్వింది. "నాదీ పాచిపనే, నీదీ పాచిపనేరా అబ్బాయ్. నీకు కుర్చీ వేశారు, అంతే."

మూడేళ్ళ కిందట బండ పగులులో ఏ పుస్తకంలోనూ లేని పాచి కనబడింది. చలికాలంలో కొన్ని వారాలే ఉంటుంది. నిలవ ఉంచుదామని అయోడిన్‌లో వేసింది గోధుమరంగుకు తిరిగి పనికిరాలేదు. కొత్త జాతిగా పేరు పెట్టాలంటే సిద్ధబీజాలు కట్టినది, బతికున్నది కావాలి. పోయిన వారం దీనికోసమే వచ్చి చూస్తే కట్టబోతోంది. ముట్టుకోకుండా వెళ్ళాడు. ఈలోగా అతను పనిచేసే కంపెనీ ఈ నీళ్ళ పరీక్షలు ఆపేసింది. వీసా రద్దయింది. రేపు విమానం.

సీసా పక్కన పెట్టి వంగాడు. పగులు తెల్లగా ఉంది.

"ఇగ జారది సార్," అన్నాడు వెనకనుంచి నరేశ్. మడుగు దగ్గర చెత్త ఎత్తే జగిత్యాల మనిషి. "మొన్న మీరీడ మోకాళ్ళ మీద కూసుంటే ఏంది సార్ అన్న. పాచి అన్నరు. మా దిక్కు పాకురంటం. కాలు వెడితే నడుం ఖలాస్. నిన్న బ్రష్షుతోని గీకి, క్లోరిన్ పోసిన."

విజయరత్నం పగులులో వేలు పెట్టాడు. గరుకుగా తగిలింది.

"మొత్తమా?"

"మొత్తం సార్. ముదీర్, గదే మా మేనేజర్, గూడ ఇంత సాఫ్ ఎన్నడు చూడలే. రెండు గంటలు వట్టింది, బువ్వ సుత తినలే."

నరేశ్ అతని మొహంలోకే చూస్తున్నాడు.

"మంచి పని చేశావయ్యా," అన్నాడు విజయరత్నం.

లేవబోయాడు. నరేశ్ చెయ్యి అందించాడు.

"మళ్ళ నెల వస్తరు గద సార్?"

"చూద్దాం."

కారు మలుపు తిరిగాక నరేశ్ అక్కడే ఉండిపోయిన సీసాను చూశాడు. సారు మరిచిపోయిండనుకున్నాడు. మడుగులో ముంచి నింపి, మూత బిగించి, బండ నీడన పెట్టాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. చీటీ మీద తేదీ ఉంది, పేరు దగ్గర ఖాళీ.