బంతి పైకెళ్ళి ఆగినప్పుడు

నాకు పాఠం చెప్పడమంటే ప్రాణం. పరిశోధన చేసుకుంటూనే మొదటి ఏడాది పిల్లలకు ఫిజిక్స్ ట్యుటోరియల్ క్లాసు తీసుకునేదాన్ని. నాకున్న జబ్బల్లా ఒకటే: ప్రశ్న నేనే అడుగుతాను, జవాబూ నేనే చెప్పేస్తాను. “నీతో మాట్లాడటానికి ఇంకో మనిషెందుకే, నువ్వొక్కదానివే చాలు కదా,” అంటుంది మా అక్క.

పోయినసారి ప్రొఫెసర్‌గారు నా క్లాసు చూసి, “బాగానే చెప్పావమ్మా. పిల్లల్ని మాత్రం నోరెత్తనివ్వలేదు,” అన్నారు. ఈసారీ అదే తంతయితే నన్ను క్లాసు నుంచి తప్పించి, పేపర్లు దిద్దే పనిలో పడేస్తారట. అడిగాక ఆగాలి, పిల్లల పెన్ను ముట్టుకోకూడదు అని శిక్షణలో మాకు నూరిపోసింది కూడా ఆయనే.

ఆ రోజు ఆయన వచ్చి వెనక బల్ల దగ్గర పిల్లల పక్కనే కూర్చున్నారు. నేను బంతి పైకెగరేసి పట్టుకున్నాను.

“సరిగ్గా పైన, ఒక్క క్షణం ఆగినప్పుడు, దీని త్వరణం ఎంత? అంటే, వేగం ఎంత చొప్పున మారుతోంది?” అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని నోరు మూసుకున్నాను. నాలుక ఒకటే దురద.

“సున్నా,” అన్నారందరూ. కాదని నేననలేదు. పక్కవాళ్ళని ఒప్పించమన్నాను.

వెనక బల్ల దగ్గర, ఎప్పుడూ నోరు విప్పని పొడుగు జడ అమ్మాయి బొమ్మ గీస్తూ ఆగింది. “వేగం సున్నా, సరే... కానీ...” అని నసిగింది. నేను పళ్ళు బిగించి ఊరుకున్నాను. ప్రొఫెసర్‌గారే ఉండబట్టలేక ఆ పిల్ల చేతిలోంచి పెన్ను లాక్కుని, “చూడమ్మా, ఇక్కడ భూమ్యాకర్షణ...” అని మొదలుపెట్టేశారు.

“సార్, ఆగండి. ఆ అమ్మాయిని చెప్పనివ్వండి.”

అన్నది నేనే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన పెన్ను తిరిగిచ్చేసి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఆ పిల్ల చాలాసేపు కాగితం వైపే చూసింది. “వేగం మారడం కూడా ఆగిపోతే బంతి అక్కడే ఉండిపోవాలి కదా మేడమ్. కిందికొస్తోందంటే మారుతూనే ఉంది. అంటే త్వరణం సున్నా కాదు.”

పక్కనున్న కుర్రాడు ఒప్పుకోలేదు. ఆమె వదల్లేదు. ముందు బల్లలవాళ్ళు కూడా కుర్చీలు తిప్పుకుని వాదనలో దూరారు. నేనొకదాన్ని అక్కడున్నానన్న సంగతే ఎవరికీ పట్టలేదు. అంత సంతోషం నాకు ఏ క్లాసులోనూ కలగలేదు.

అందరూ వెళ్ళాక ప్రొఫెసర్‌గారు గుమ్మం దగ్గర ఆగారు. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

“పేపర్లు దిద్దడానికి ఇంకొకరిని చూసుకుంటాలే,” అన్నారు. “ఎల్లుండి నా లెక్చర్‌కి వచ్చి వెనక కూర్చో. నేనెక్కడ ఆగాలో చెబుదువుగాని.”