ఆకుకెక్కిన మూర్ఛమందు

"పొద్దస్తమానం నీళ్ళు కడిగే ఉద్యోగం. ఇంటికొచ్చి ఆకులు మూడుసార్లు కడుగుతుంది. ఏమిట్రా నీ పెళ్ళాం?" అంది ఫుయెన్‌సాంత కొడుకుతో.

అత్తగారి మాట వింటూనే కారిదాద్ సింకులో ఆకులు తిరగేసింది. కడిగితే పోయేది మట్టే. ఊరి మురుగునీటిని శుద్ధిచేసి తోటలకు వదిలే కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా ఆ నీటిని పరీక్షించేది ఆమే. క్రిములు చస్తాయి, వాసన పోతుంది. జనం మింగిన మూర్ఛమందు మాత్రం తొట్లన్నీ దాటుకొని వచ్చి, వేరు తాగిన నీటితోపాటు ఆకుకెక్కి కూర్చుంటుంది. ఆలివ్ గింజల బొగ్గు గొట్టంలో నింపి, ఆ నీళ్ళు అందులోంచి పోనిచ్చి రెండేళ్ళు చూసింది. మందు దాదాపు అంతా బొగ్గుకే పట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పబోతే "అన్నం చల్లారిపోతోంది" అన్నారు. బొగ్గు మరకల కోటు ఆమే ఉతుక్కుంది. అత్తగారికి మూర్ఛ మాత్రలు వేళకు అందించిందీ ఆమే. అయినా నూనెమిల్లు నుంచి గింజల బస్తాలు నడుం పట్టేసేలా మోసుకొచ్చింది భర్త హినెసే. అడగకుండానే తెచ్చాడు.

ఆ ఉదయం రైతుల నీటి సంఘం సభ. కాలువంతటికీ బొగ్గు తొట్టి కట్టాలా వద్దా అన్నది తేలాలి. చేతులెత్తి ఓటేసే ఆ సభలో తాఉల్యాకు, అంటే పావెకరం పైచిలుకు భూమికి, ఒక ఓటు. హినెస్‌కు పదకొండు, తన తండ్రి ఇచ్చిన భూమితో కారిదాద్‌కు పద్దెనిమిది. ఏటా తన ఓట్లు అతనికిస్తూ ఆమె గరిట పక్కనపెట్టి సంతకం చేసేది. ఆ కాగితం ఎన్నడూ చదవలేదు.

"ఇదిగో కారీ, ఇక్కడ గీసెయ్," అంటూ హినెస్ కాగితం చాపాడు.

"ఏమని వేస్తావు?"

"వద్దనే. మన ఆకుల్లో మందుందని మనమే దండోరా వేసుకుంటే కొనేవాడు పారిపోడూ? పైగా నన్ను పెళ్ళాం ఆడిస్తోందని నవ్వుతారు."

"మందు ఉంది కదా."

"పిసరంత. ఏమీ కాదని నువ్వే అన్నావు."

"తెలీదన్నాను. ఏమీ కాదనలేదు."

"నా మాత్రలేనా ఊరు తింటోంది?" అంది ఫుయెన్‌సాంత.

"మీ ఒక్కరివే కాదత్తయ్యా."

"బాగుంది. రోగం నాకు, వైద్యం ఊరికి!"

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక కారిదాద్ అడిగింది. "నిరుడు కూడా ఇదే మాట సభకొచ్చింది. అప్పుడు నా ఓట్లు ఏమని వేశావు?"

హినెస్ కలానికి మూత పెట్టాడు. "వద్దనే."

నిరుడు ఆ మాట వీగిపోయింది పదిహేను ఓట్ల తేడాతో. ఆ రోజు ఆమె కేంద్రంలో బాత్రూం గొళ్ళెం వేసుకుని ఏడ్చింది. ఇంటికొస్తే హినెస్ వీపు నిమిరి, "ఆ మొద్దులకేం తెలుసులే" అన్నాడు.

ఆమె చెయ్యి తుడుచుకుని, కాగితం ముట్టకుండా చెప్పులు తొడుక్కుంది.

"మరి అన్నం?" అంది ఫుయెన్‌సాంత.

"బియ్యం డబ్బాలో ఉన్నాయత్తయ్యా."

హినెస్ ఆమె వెంట కారు దాకా నడిచాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. "నా పక్కనే కూర్చుంటావా?"

"నీ పక్కనే. నువ్వు చెయ్యి దించాక నేను ఎత్తుతాను."