దిగుడు దేవుడిది

హమ్మూ ఆ పాత రొట్టెల వ్యానును ఇల్లుగా మార్చుకున్న నాటినుంచి వాడి తల్లి ఇట్టోకి కంటి మీద కునుకు లేదు. గ్యాసు పొయ్యి పేలుతుందేమో, టైరు ఊడుతుందేమో, ఎడారి చూడ్డానికొచ్చే పరదేశీలు వాడి గొంతు కోసి వ్యాను పట్టుకుపోతారేమో. ఇప్పుడు వాటన్నిటినీ మించిన భయం వ్యానులో వెనక మంచం మీద పడుకుని ఉంది. కోడలు తూదాకి నెలలు నిండాయి. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల. ఈసారి పురుడు మరాకష్ పెద్దాసుపత్రిలోనే జరగాలని మంత్రసాని ఖండితంగా చెప్పింది.

మరాకష్ వెళ్లాలంటే టిష్కా కనుమ దాటాలి. వ్యానేమో ఒంటె నీళ్లు తాగినట్టు డీజిల్ తాగుతుంది. అందుకని హమ్మూ దాని బరువు దించుతూనే ఉన్నాడు. బీరువా పీకేశాడు, పైకప్పు మీది అటక విప్పేశాడు, టైర్లలో గాలి గట్టిగా కొట్టించాడు. చివరికి మంచాన్ని నేలకు పట్టి ఉంచే ఇనుప బద్దలు కూడా ఊడదీశాడు.

"అవెందుకురా తీశావు?"

"పిడికెడు ఇనుము పోతే గుక్కెడు డీజిల్ మిగులుతుందమ్మా."

"మిగిలిన ఆ గుక్కెడూ నా నోట్లో పొయ్యరా, ఆఖరి గుక్కగా."

కనుమ నెత్తికెక్కాక హమ్మూ తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. వ్యాను చప్పుడు లేకుండా కిందికి జారసాగింది.

"ఏమైందిరా? చచ్చిందా బండి?"

"నేనే ఆపాను. ఎక్కుడు డీజిల్‌ది, దిగుడు దేవుడిది. ఈ దారిలో డ్రైవర్లందరూ అనే మాటే."

"ఆ మాటన్నవాళ్లు ఎంతమంది ఆ లోయలో ఉన్నారో చూశావా? ఇంజను వెయ్యరా నాయనా!"

"నీకు ప్రతి మలుపూ గోరీలాగే కనిపిస్తుంది."

వెనకనుంచి తూదా నవ్వింది. "పోనీ అత్తా, ఉయ్యాల్లో ఉన్నట్టు హాయిగా ఉంది."

ఆ నవ్వు విని ఇట్టో ఇంజను మాట వదిలేసింది.

మొదటి మలుపుల్లో బ్రేకు బాగానే పట్టింది. తర్వాత పెడలు రాయిలా బిగుసుకుపోయింది. ఇంజను ఆపితే బ్రేకుకి బలం ఉండదని వాడికి అప్పుడు తట్టింది. రెండు కాళ్లతో తొక్కాడు. తాళం తిప్పాడు, ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. ఓ పక్క కొండ, ఓ పక్క ఆకాశం.

"కొండకేసి కొట్టరా!" అని అరిచింది ఇట్టో.

కొట్టాడు.

వ్యాను ఆగింది. మంచం ఆగలేదు. నేల మీద జారుకుంటూ వచ్చి ముందు సీట్ల వెనక భాగానికి గుద్దుకుంది.

నుదుటి మీది రక్తమైనా తుడుచుకోకుండా ఇట్టో వెనక్కి పాకింది. తూదా ఓ పక్కకి ముడుచుకుని, రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంది. బయట హమ్మూ రోడ్డు మధ్య నిలబడి, వస్తున్న లారీకి ఏడుస్తూ చేతులూపుతున్నాడు.

"అత్తా, నాకేం తెలీటం లేదు. నువ్వు చూడు. కదులుతోందా?"

ఇట్టో అరచెయ్యి ఆనించింది. పొట్ట బల్లలా గట్టిగా ఉంది. చెయ్యి కిందికి జరిపింది, పక్కకి జరిపింది, ఊపిరి బిగబట్టి కాచుకుంది. అరచేతికి ఏ కదలికా తగల్లేదు.

"కదులుతోందే తల్లీ," అంది, రాని చావులన్నీ రోజూ ఏకరువు పెట్టే ఆ నోటితోనే. "తెగ తంతోంది. వాడి నాన్నకున్నంత తొందర."

తూదా కళ్లు మూసుకుంది. బయట లారీ ఆగిన చప్పుడైంది. ఇట్టో చెయ్యి తియ్యలేదు.