పెరటాసిలో చేపనూనె

డెబ్బై ఎనిమిదిలో నాకు పదకొండేళ్లు. నెలకో జ్వరం వచ్చేది. రోగాన్ని తట్టుకునే సత్తువ ఒంట్లో లేదని సత్యవేడు డాక్టరు చేపనూనె మాత్రలు రాసిచ్చాడు. వారం మింగానో లేదో పెరటాసి వచ్చింది. అది వెంకటేశ్వరస్వామి నెల, మా ఇంట్లో నీసు ముట్టరు. నేను నోరు బిగించుకున్నాను. నాయన బుగ్గలు నొక్కి పట్టుకున్నా తెరవలేదు.

ఆ నియమం నాకు నేర్పింది మా అవ్వ మునెమ్మే. పెళ్లయిన నాటినుంచి ఆమె ఒక్క పెరటాసి కూడా తప్పలేదు.

అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. నుదుటి మీది నామాన్ని కొంగుతో తుడుచుకుంది. సీసాలోంచి ఒక మాత్ర తీసి, నేను చూస్తుండగానే తన నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"స్వామి దగ్గిరికి నీకంటే ముందు పొయ్యేది నేనే," అంది. "ఆడ నేను సెప్పుకుంటా. నువ్వు మింగు."