రెండు తోకల విమానం

బాంబరు విమానం వీపు మీద అద్దాల గూడు ఒకటి ఉంటుంది. ఒక మనిషి, రెండు తుపాకులు పడతాయి. దాన్ని టరెట్ అంటారు. మ్యూజియంలోని బాంబరుకి ఆ గూడు బాగుచేసే పని కోడలిది. నాలుగేళ్లుగా చేస్తోంది. సోమవారం తనిఖీ. టరెట్ సరిగా పనిచేస్తే తిరగనిస్తారు. లేకపోతే కదలకుండా వెల్డింగ్ చేసేస్తారు. ఒకసారి చేశాక మళ్లీ విప్పేది లేదని తనిఖీ చేసే ఇంజనీరు ముందే చెప్పాడు.

ఒక్క భాగం దొరకలేదు. అరచేతి వెడల్పున ఉక్కు డ్రమ్ము. అది తుపాకులతో పాటు తిరుగుతుంది. దాని మీద మిట్ట ఉన్నచోట ఒక మీట లేచి కాల్పులు ఆపేస్తుంది. గన్నరు కంగారులో తన విమానం తోకనే కాల్చుకోకుండా చేసిన ఏర్పాటు.

మరిది పాత ఇనుము కొంటాడు. శుక్రవారం గోనెసంచిలో అలాంటి డ్రమ్ము తెచ్చాడు.

"ఎక్కడ దొరికింది?"

"ఒక గ్యారేజీలో తలుపుకి అడ్డం పెట్టుకున్నారు వదినా. ఇటుక ఇచ్చి తెచ్చాను."

తుడిచి బిగించారు. సరిగ్గా కూర్చుంది. కాల్పులకి బదులు కోడలు ఒక బల్బు పెట్టింది. ట్రిగ్గర్ నొక్కితే వెలగాలి, తోక అడ్డొస్తే ఆరాలి. మామగారు ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. ఆయన సీట్లో కూర్చుని తిప్పారు. ఆ విమానం తోకకి రెండు నిలువు రెక్కలు. రెండింటి మీదా బల్బు వెలుగుతూనే ఉంది. మధ్యలో ఉన్న ఖాళీలో ఆరింది.

"అమ్మాయ్, రెండు రెక్కలూ ఎగిరిపోయాయి," అన్నారు మామగారు. "నన్ను దూకేయమంటావా?"

కోడలు డ్రమ్ము విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మిట్ట ఒకటే ఉంది, నడిమధ్యలో.

"ఇది ఒంటి తోక విమానానిది మామయ్యగారూ. రెండు రకాల విమానాలకీ టరెట్ ఒకటే. ఎక్కిన విమానాన్ని బట్టి డ్రమ్ము మారుతుంది. దీని మీద చెక్కింది ఆ విమానం తోకే."

"అయితే మనది చెక్కుదాం. డ్రాయింగ్ ఏదీ?"

"డ్రాయింగ్ కోసం నాలుగేళ్లు ఉత్తరాలు రాశాను." ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. "అదిగో, నిలబడే ఉంది."

శనివారం తుపాకీ గొట్టంలోంచి గురి చూస్తూ రెక్కల అంచులు కొలిచింది. తుపాకీ ఎంత పక్కకి తిరిగింది, ఎంత పైకి లేచింది అని ఆమె చెబుతుంటే మరిది రాసుకున్నాడు. అరవై నాలుగు కొలతలు వచ్చాయి. ఆదివారం మామగారు లేత్ మీద కొత్త డ్రమ్ము తీసి, ఆ కొలతల ప్రకారం మిట్టలు మిగిలేలా ఆకురాయితో అరగదీశారు.

సోమవారం ఇంజనీరు వచ్చాడు. వెనకాలే గ్యాస్ సిలిండరు తోసుకుంటూ వెల్డరు.

"ఈయన్ని ఇప్పుడే తెచ్చారా?" అంది కోడలు.

"దొరికినప్పుడే పట్టుకోవాలమ్మా."

ఇంజనీరు సీట్లో కూర్చుని ట్రిగ్గర్ నొక్కి తిప్పాడు. కుడి రెక్క మీద బల్బు ఆరింది. మధ్యలో వెలిగింది. ఎడమ రెక్క మీద ఆరింది.

"బాగుంది. సంతకం ఎక్కడ పెట్టను?"

కోడలు కాగితం ఇవ్వలేదు. "ఈసారి నెమ్మదిగా తిప్పండి. ఎడమ రెక్క అంచు చూడండి."

నెమ్మదిగా తిప్పాడు. గురి అంచు దాటి రెక్క మీదికి వచ్చాక కూడా బల్బు ఒక క్షణం వెలుగుతూనే ఉండి, అప్పుడు ఆరింది.

"ఆయన చూడలేదుగా వదినా," అన్నాడు మరిది గొంతు తగ్గించి.

"నేను చూశానుగా."

మామగారు డ్రమ్ము విప్పి వేలితో తడిమారు. "ఇక్కడ ఆకురాయి ఎక్కువ పడింది. చెయ్యి నాదే. ఇంకా తియ్యమంటే తీస్తాను. తీసేసిన ఇనుము ఎలా పెట్టను?"

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు.

"ఎంత కావాలి?" అన్నాడు వెల్డరు.

"గోరు మందం," అంది కోడలు.

"రెండు గోళ్లు పోస్తాను. ఎక్కువైంది మీరు అరగదీసుకోండి."

అతను మంట వెలిగించాడు. ఇనుము చల్లారాక మామగారు ఈసారి మూడు గీతలకి ఒకసారి ఆగి కొలుస్తూ అరగదీశారు. గంట పట్టింది. మళ్లీ బిగించారు. గురి అంచుకి తగలగానే బల్బు ఆరింది. ఇంజనీరు మూడుసార్లు తిప్పి చూసి, కాగితం తీసుకుని సంతకం పెట్టాడు.

వెల్డరు సిలిండరు మూసి, చేతులు తుడుచుకుని, ఒక్కసారి కూర్చోవచ్చా అని అడిగాడు. ఎక్కినవాడు ఎంతకీ దిగలేదు.