ఐదు వోల్టులేగా!

నేను ఒక చార్జింగ్ కేబుల్‌ని. ఒక కొస ఫోన్‌కి, ఇంకో కొస గోడకి. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. చేరింది నరసరావుపేటలో లైన్‌మన్ సాంబశివ ఇంటికి.

ఈ సాంబశివ సామాన్యుడు కాదు. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి లైన్ క్లియర్ తీసుకోనిదే స్తంభం ముట్టుకోడు. ఇంట్లో మాత్రం ఫోన్ పీక్కుని పోతాడు. స్విచ్ ఆపడు. నేను గోడ నుంచి చాప మీదికి వేలాడుతూ ఉంటాను.

పది నెలల జోషిత పాకడం మొదలుపెట్టింది. ఫోన్‌లో బొమ్మలు ఆడితే గానీ ఆ పిల్ల ముద్ద మింగదు. ఫోన్‌లోనేమో ఎప్పుడూ చార్జింగ్ ఉండదు. అందుకని అన్నం తినేటప్పుడు నేనూ పక్కనే.

"ఏవండీ, ఆ వైరు తీసెయ్యండి. పిల్ల నోట్లో పెట్టుకుంటోంది," అంది భార్య శేషు.

"ఐదు వోల్టులేగా! పదకొండు వేల లైన్ మీద పనిచేసేవాడికి నువ్వు చెప్తున్నావా కరెంటు గురించి?"

"లైన్ మీద ఉండేది మీరు. చాప మీద ఉండేది మీ కూతురు."

అతను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అరుద్దామంటే నోరేదీ?

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. సాంబశివ దాన్ని పీక్కుని వరండాలోకి వెళ్లాడు. శేషు నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. నా కొస చాప మీద పడింది. కరెంటుతోనే.

జోషిత పాకింది. పట్టుకుంది. వద్దు తల్లీ, వద్దు! నోట్లో పెట్టుకుంది.

పెరుగన్నం, చొంగ, నా లోహపు కొస. చప్పరిస్తూనే ఉంది. ఉన్నట్టుండి కెవ్వుమంది.

శేషు పరుగున వచ్చి ముందు స్విచ్ ఆపింది. తర్వాతే నన్ను లాగింది. పెదవి మూల తెల్లగా పొక్కింది.

"నోటి తడిలో ఐదు వోల్టులైనా కాలుస్తాయి," అన్నాడట ఆసుపత్రిలో డాక్టర్. "చార్జర్ నాసిరకమై ఇంటి కరెంటే వైర్లోకి దిగి ఉంటే, పిల్ల మీకు దక్కేది కాదు."

ఇంటికి రాగానే సాంబశివ కటింగ్ ప్లేయర్ తీసి నన్ను మూడు ముక్కలు చేశాడు. తప్పు నాదట! చెత్తబుట్టలోంచి చూస్తూనే ఉన్నాను. సాయంత్రానికి కొత్తది తెచ్చి, అదే ప్లగ్గుకి తగిలించాడు.

"ఇది మంచి రకం శేషూ. ఏం కాదు."

ఆమె పిల్లను తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. జోషిత ఆ వైరు చూసి, ముఖం తిప్పుకుని, నాన్న చొక్కాలో దాక్కుంది.

సాంబశివ పిల్లను శేషుకి అందించాడు. తర్వాత లేచి స్విచ్ ఆపాడు. ప్లగ్ పీకాడు. వైరు చుట్టి బీరువా మీద పెట్టాడు.

అంతా కలిపి ఎంతసేపు పట్టిందంటారు? పది సెకన్లు. ఆ పది సెకన్ల పని మధ్యాహ్నమే చెయ్యడానికి ఏమొచ్చిందయ్యా?